హారతి గీసిన గ్రాఫు

2023, దసరా వెళ్లిన వారం. మేడ్చల్ దాటాక ఉన్న ఒక విత్తనాల కంపెనీలో నేను డేటా అనలిస్టుని. సుచిత్ర చౌరస్తా నుంచి బస్సులో వెళ్లి, పొద్దంతా కంప్యూటర్లో గ్రాఫులు చూడటమే నా పని. చల్లగా ఉంటేనే విత్తనానికి మొలకెత్తే శక్తి నిలుస్తుంది. అందుకే కోల్డ్‌రూమ్ గోడకు డేటా లాగర్ ఉంటుంది, అంటే వేడిని క్షణక్షణం రాసుకునే చిన్న డబ్బా.

ఆ నెల గ్రాఫులో, సరిగ్గా పండగ పూట, గుంజ పాతినట్టు ఒక నిలువు గీత.

"తలుపు తెరిచిపెట్టి ముచ్చట్ల పడ్డడు" అన్నారు మేనేజర్ మాధవరావు గారు. ఆ పూట కోల్డ్‌రూమ్ డ్యూటీ ఖాజా భాయ్‌ది. శామీర్‌పేట మనిషి. నేను కాస్త ఎక్కువసేపు ఆ తలుపు పట్టుకుని నిలబడితే నన్నే కసురుకునేవాడు. అలాంటివాణ్ని ఉద్యోగంలోంచి తీసేస్తూ కాగితం తయారైంది. సంతకమే తరువాయి.

మధ్యాహ్నం నా టేబుల్ దగ్గరికొచ్చాడు.

"తల్పు నేను ఇడ్సిపెట్టలే బేటా, అల్లా కసమ్. జర మంచిగ సూడు."

నాకు ఆయనంటే ఇష్టం. కానీ నా ఇష్టాన్ని గ్రాఫు లెక్కచేయదు కదా! మౌస్‌తో ఆ గీత చుట్టూ చిన్న గడి గీశాను. జూమ్ చేయడమంటే ఇదే, నెలంతా ఇరుక్కున్న తెరమీద ఆ కాసేపటినే పరుచుకోనివ్వడం. తలుపు తెరిస్తే వేడి మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. ఇక్కడ చటుక్కున లేచింది, దిగింది. మళ్లీ లేచింది, దిగింది. ఇంకోసారి కూడా. మూడు బుజ్జి గుట్టలు! గది చివరనున్న రెండో డబ్బా గీత అసలు కదలనే లేదు.

"భాయ్, ఆ పూట ఇక్కడ ఏం జరిగింది?"

"ఏముంటది? ఆయుధపూజ. సల్లదనం పోవద్దని అందర్ని లోపటికి గుంజి తల్పేసిన. నేనే కొబ్బరికాయ కొట్టిన. సార్ హారతిచ్చిండు."

"దేనికి?"

"గా గోడమీది డబ్బాకే."

ఇద్దరం తెరవైపు చూశాం. ఖాజా భాయ్ ముందు నవ్వాడు, తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

మాధవరావు గారిని పిలిచి చూపిస్తే, తెరమీద గుట్టల్ని వేలితో లెక్కపెట్టారు. "మూడుసార్లే తిప్పిన" అన్నారు చివరికి. "కర్పూరం జర ఎక్కువైనట్టుంది." కాగితం చింపేసి, ఖాజా భాయ్ చెయ్యి పట్టుకున్నారు. "మాఫ్ చెయ్ ఖాజా."

"మీరు మంచి కోరే ఇచ్చిండ్రు సార్. మిషిన్‌కేమెర్క హారతని?"

మరుసటి దసరాకి ఖాజా భాయ్ ముందే సుద్దముక్కతో నేలమీద గీత గీశాడు. "సార్, గిది దాటొద్దు." మాధవరావు గారు బుద్ధిగా అక్కడే నిలబడి హారతిచ్చారు.

ఒక మనిషి మీద తప్పు మోపే గ్రాఫు వస్తే, దగ్గరికి తెచ్చి చూడనిదే నేనిప్పుడు ఎవరికీ పంపను. ఆ రెండో దసరా మర్నాడు కూడా గ్రాఫు తెరిచాను. గీత సాఫుగా ఉంది. మూసేయబోతుంటే కుర్చీ వెనకనుంచి ఖాజా భాయ్ వంగాడు.

"ఇంకింత దగ్గరికి తే బేటా."