దక్షిణపు దర్వాజ

సొంతింటి కోసం నాకున్నంత ఆరాటం మా ఆయనకు లేదు. ఆయన పొద్దున్నే బస్సెక్కి మిర్యాలగూడ రైసుమిల్లుకు వెళ్లిపోయేవాడు. సూర్యాపేటలో ఇంటి ఓనరమ్మల మాటలు పడేది నేను. గోడకు మేకు కొట్టొద్దు, చుట్టాలు ఎక్కువ రావద్దు, మోటరు వేసినప్పుడే నీళ్లు పట్టుకోవాలి. తొమ్మిదేళ్లలో ఆరిళ్లు మారాం.

ప్లాట్ల ధరలు మాకు ఎప్పుడూ రెండు మెట్లు పైనే ఉండేవి. 2010లో మా పక్క వీధిలో రెండు గదుల స్లాబు ఇంటికి బ్యాంకు వాళ్లు నోటీసు అంటించారు. పరాయి లారీ తోలే ఆ ఇంటాయన ఇల్లు తాకట్టు పెట్టి సొంత లారీ కొన్నాడు. అది కోదాడ దగ్గర బోల్తా పడింది. కిస్తీలు ఆగాయి, ఇల్లు వేలానికొచ్చింది. వాళ్లు ఖాళీ చేసి నాలుగిళ్ల అవతల కిరాయికి దిగారు.

నోటీసులోని ధర మాకు అందేలా ఉంది. కానీ ఇలాంటి ఇళ్ల కోసమే కాచుకుని ఉండే బేరగాళ్లున్నారు. వేలంలో కొని, నెల తిరక్కుండా మాలాంటి వాళ్లకే ఎక్కువకు అమ్ముతారు. వాళ్లతో పోటీపడే తాహతు మాకు లేదు.

అప్పుడు నేనొక పాడు పని చేశాను. నీళ్ల ట్యాంకరు దగ్గర బిందె పెట్టుకుని, ఊరికే అన్నట్టు అన్నాను: "ఆ ఇంటికి దక్షిణం దిక్కు దర్వాజ ఉన్నదంట. అందుకే లారీ పోయింది, ఇల్లు పోయింది. అచ్చిరాని ఇల్లు."

ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పేదాన్నే గానీ వాస్తులో నాకు ఓనమాలు రావు. టీచరమ్మ చెప్పిందంటే నిజమే అనుకున్నారు జనం. వేలంనాడు మేం తప్ప ఎవరూ రాలేదు. తాళం చేతికొచ్చాక మొదట చేసిన పని గోడకు మేకు కొట్టడం. తగిలించడానికి ఏమీ లేదు. ఊరికే కొట్టి చూసుకున్నాను.

ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నా మాట మా అత్తగారి ఊరు చివ్వెంల దాకా వెళ్లి మా అత్తమ్మ చెవిన పడింది. "ఆ దర్వాజ మూసేదాక నేను గడప తొక్క," అంది. ఇల్లు అమ్మకానికి పెట్టిన పక్కింటాయన, "మీకొచ్చిన ధరకే నాది గూడ అడుగుతుండ్రు," అని ముఖం తిప్పుకునేవాడు.

మేస్త్రీ ఇటుకలు దించి సిమెంటు కలుపుతుండగా ఆ ఇల్లు పోగొట్టుకున్న ఆమె వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఆమె కట్టుకున్న ఇంటికి ఆమెనే రమ్మనడానికి నాకు నోరు రాలేదు. తనే లోపలికొచ్చింది.

"మూస్తున్నరా?"

"మా అత్తమ్మ పట్టువట్టింది అక్కా."

ఆమె దర్వాజ మీద చెయ్యి వేసింది. "ఇల్లు కట్టేటప్పుడు ఈడ దర్వాజ కావాల్నని నేనే అడిగిన. ఈడ నిలవడితే రోడ్డు మలుపు కనవడ్తది. ఆయన లారీ సూసినంకనే అన్నం వండేదాన్ని, వేడిగ తింటడని. ఇప్పుడు గీ దర్వాజతోనే అంత ఖతమయిందని మా ఆయన మనసుల పడ్డది. మూణ్నెల్ల సంది నాతోని మాట్లాడ్తలేడు. సదువుకున్నదానివి చెల్లె, నిజం చెప్పు. నా దర్వాజతోనే అయిందా?"

నాకు ఇంటి మీద అంత ప్రేమ ఉందనుకున్నాను గానీ, ఆ ఇంటిని ప్రేమించింది ఆమె. చాలా సిగ్గేసింది.

"కాదక్కా. ఆ మాట పుట్టిచ్చింది నేనే. ఇంకెవ్వరు వేలానికి రావద్దని."

తిడితే బాగుండేది. కొంగుతో దర్వాజ మీది దుమ్ము తుడిచింది. "గీ మాట మా ఆయనతోని చెప్తవా?" అని మాత్రం అడిగింది.

దర్వాజ మూయొద్దని చెప్పి మేస్త్రీని పంపేశాను. ఆమె వెంట నాలుగిళ్లు దాటి వెళ్లాను. వరండాలో కుర్చీలో కూర్చున్న ఆయన ముందు నిలబడి, పాఠం రాని పిల్లలా తడబడుతూ అంతా చెప్పాను. నేను చెప్పినంతసేపూ ఆయన తలెత్తలేదు. అంతా విన్నాక భార్య వైపు చూశాడు.

"పొద్దటి సంది ఏమన్న తిన్నవా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేదన్నట్టు తలూపింది.

"పెట్టుకరా. ఇద్దరం తిందాం," అన్నాడు.