నేను నొక్కిన బటన్

మా ఆయన పోయిన మరుసటి ఏడు జరిగింది ఇది. బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి సుజాత బడిపిల్లల గుర్తింపు కార్డులకు ఫొటోలు తయారుచేస్తుంది. ఎలా కత్తిరించాలో కంప్యూటర్‌కు ఒక్కసారి చూపిస్తే చాలు, ఫోల్డరులోని ఫొటోలన్నిటికీ అదే పక్కలు కోసేసి, మధ్యది ఉంచి, పాతవాటి స్థానంలో దాచేస్తుంది.

ఆ రోజు పరీక్షకని కోనిలోని కాలేజీకి వెళ్తూ సుజాత, "అమ్మా, పైనుంచి మూడో ఫోల్డరు. బటన్ నొక్కేసి టీ తాగు," అంది.

"అచ్ఛా, నాకూ డ్యూటీ వేసినావేటి," అని నవ్వాను.

ఇంగ్లీషు చదవలేను కనుక లెక్కపెట్టుకుని నొక్కాను. ఒకటి తప్పాను. తెర మీద మా ఇంటివాళ్లే కనిపించారు. పొడుగు మనిషని మా ఆయన్ని ఎప్పుడూ చివరే నిలబెట్టేవాళ్లం. ఒక్కో ఫొటోలో ఆయన తెగిపోతుంటే, ఆపడం తెలియక చేతికందిన మీటలన్నీ నొక్కాను.

సాయంత్రం సుజాత చాలాసేపు వెతికింది. "ఇంకెక్కడా దాచలేదమ్మా. మరి రావు," అంది. తిట్టినా బాగుండేది.

ఒకదాంట్లో నా భుజం మీద ఆయన చెయ్యి మిగిలింది. గోడ మీద దండ వేసి ఉన్నది ఆయన రైల్వే ఉద్యోగపు కార్డు కోసం తీయించుకున్న ఫొటో, అందులో ఆయన నవ్వలేదు. పుట్టబోయే మనవలకు, మీ తాత నవ్వేవాడని నేను నోటితోనే చెప్పాలి.