గండికోటలో యల్లయ్య మంద

జమ్మలమడుగు చుట్టుపక్కల యల్లయ్య గొర్రెల మంద తెలియని రైతు లేడు. కోత అయిపోయిన చేలో గొర్రెలను రాత్రంతా నిలపడాన్ని ఇక్కడ మంద పెట్టడం అంటారు. తెల్లారేసరికి చేనంతా ఎరువు. దువ్వూరు, మైదుకూరు రైతులు ముందే వచ్చి మాట చెప్పి పోతారు. మోతుబరి ఆదినారాయణ అంతటివాడు కూడా మంద కావాలంటే యల్లయ్య ఇంటి దాకా నడిచి రావలసిందే. ఎవరొచ్చినా యల్లయ్య జవాబు ఒక్కటే.

"గింజలు కొలిస్తేనే మంద. ఊరక పెట్టేదానికి నా గొర్రెలు గాలి మేస్తాండాయా?"

అంత మొండిమనిషికీ ఒక బెరుకుంది. కూతురు సుధ చదువుకునే చోట గడప దాటి లోపలికి పోడు. ఆమె జమ్మలమడుగు బడిలో ఉన్నప్పుడు సద్ది తెచ్చి, గేటు బయటే నిలబడి, ఎవరో ఒక పిల్ల చేత లోపలికి పంపేవాడు. ఒంటి నిండా గొర్రె వాసన, భుజాన మాసిన కంబళి. తనను చూసి నలుగురిలో బిడ్డ తల దించుకోవలసి వస్తుందని ఆయన భయం. అది ఉత్త భయమని భార్య ఓబులమ్మ ఎన్నోసార్లు చెప్పింది. పెళ్లాం మాట వినే మొగుడైతే ఈ కథే ఉండేది కాదు.

సుధ చరిత్ర చదివి, గండికోటలో యూనివర్సిటీ వాళ్ల పరిశోధన కేంద్రంలో చేరింది. ఇప్పుడు గండికోట అంటే జనానికి పెన్నా లోయ అంచున ఫోటోలు దిగే చోటు. ఒకప్పుడు అదొక రాజ్యానికి రాజధాని. ఆనాటి ఇళ్ల ఆనవాళ్ల కోసం కేంద్రం వాళ్లు తవ్వుతున్నారు. ఈ ఏడు ఒక గుంతను పూర్తిగా సుధకే అప్పగించారు. అందులో పాత ఇంటి గచ్చు బయటపడింది. యూనివర్సిటీ పెద్దలు చూడ్డానికి వస్తున్నారనీ, వాళ్లకు నచ్చితే వచ్చే ఏడు కూడా పని తనకే ఇస్తారనీ ఇంట్లో చెప్పింది.

యల్లయ్యకు ఆ పూట అన్నం సయించలేదు, సంతోషంతో.

"ఆ ఆఫీసుకు మనం ఏమన్నా ఇయ్యాల" అన్నాడు భార్యతో.

"ప్రొద్దుటూరు పోయి మిఠాయి తే."

"మిఠాయి పొద్దునకు అరిగిపోతాది. మంద పెడితే మూడేండ్లు నేలలో ఉంటాది."

పెద్దలు వస్తారనగా ముందు రోజు పొద్దు వాలాక మందను తోలుకొని కేంద్రం కంచె దగ్గరకు పోయాడు. మనుషులు లేని వేళ కాబట్టి లోపలికి పోవచ్చు, తెల్లారకముందే వచ్చేయవచ్చు. కాపలాదారు కమాల్ బాషా కూడా సేద్యం చేసినవాడే. నడిచొచ్చిన మందను వద్దన్న రైతు ఈ సీమలో పుట్టలేదు.

"ఊరకనేనా యల్లన్నా?"

"నా బిడ్డ ఆఫీసు గదప్పా."

గుంత మీద పట్ట కప్పి ఉంది, ఏమీ కాదులే అనుకున్నారు ఇద్దరూ. కమాల్ బాషా గేటు తెరిచాడు.

గొర్రెలకు పట్ట ఒక లెక్కా. తెల్లవారుజామున ఒక గొర్రె దాన్ని తొక్కుకుంటూ గుంతలోకి దిగి, అక్కడే ఈనింది. దాని వెనకాలే ఇంకొన్ని దిగాయి. అన్నిటినీ పైకి తెచ్చేసరికి వెలుగొచ్చింది. కొలతల కోసం కట్టిన దారాలు తెగిపోయాయి, మేకులు ఊడిపోయాయి, గుంత అంచు ఒక మూల విరిగి పడింది. గచ్చు నిండా పెంటికలు.

అప్పుడే వచ్చిన సుధ గుంతలోకి దిగి, తెగిన దారాలను చేతిలోకి తీసుకుంది.

"పాపా, నన్ను ఎరగనని చెప్పు. ఎవురిదో మంద తప్పిపోయి వచ్చిందను. నేను పోతా" అన్నాడు యల్లయ్య.

"యాడికి పోతావు? చీపురు తీసుకో నాయనా." ఆమె గొంతులో కోపమే ఉంది.

కేంద్రాన్ని నడిపే ప్రొఫెసర్ నిర్మలమ్మ వచ్చి గుంత చుట్టూ తిరిగి చూసింది.

"గచ్చు చెదరలేదు, బతికిపోయాం. మూల మాత్రం పోయింది. వచ్చేవాళ్లకు నువ్వే జవాబు చెప్పుకో సుధా" అంది.

అందరూ కలిసి ఊడ్చారు. సుధ మళ్లీ దారాలు కట్టి, లోపల గదిలోకి పోయి ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. కార్లు కనబడగానే యల్లయ్య కంచె బయటికి పోయి, గుంతలో పుట్టిన గొర్రెపిల్లను కంబళిలో చుట్టుకుని నిలబడ్డాడు.

పెద్దలు గచ్చును మెచ్చుకున్నారు. అందరిలోకి పెద్దాయన వంగి చూసి అడిగాడు.

"ఈ మూల ఏమైందమ్మా? వానకు కూలిందా?"

అవునంటే సరిపోతుంది. అవునను పాపా, అని యల్లయ్య మనసులో వేడుకున్నాడు.

"వాన కాదు సార్. రాత్రి మా నాయన ఇక్కడ గొర్రెల మంద పెట్టినాడు" అంది సుధ. "మా వైపు నేలకు అంతకు మించిన మర్యాద లేదు. పెద్ద పెద్ద మోతుబరులకు కూడా ఆయన ఊరక పెట్టలేదు. నేను ఈడ పని చేస్తాండానని పెట్టినాడు. నష్టం జరిగిన మాట నిజమే. మూల కొలతలు ముందే తీసినాము, నేనే సరిచేస్తా."

అని కంచె వైపు తిరిగింది.

"నాయనా, ఆడ ఎందుకు నిలబడినావు? లోపలికి రా."

వచ్చే ఏడు పని కూడా సుధకే ఇచ్చారని తర్వాత తెలిసింది. ఆ క్షణాన మాత్రం యల్లయ్యకు అదేదీ పట్టలేదు. గేటు దగ్గర చెప్పులు విడిచి, పట్టపగలు, అందరూ చూస్తుండగా నడిచి వచ్చాడు. కళ్లు తుడుచుకుందామంటే చేతుల్లో గొర్రెపిల్ల. సుధ ముందుకు వచ్చి దాన్ని అందుకుంది, ఇస్త్రీ చీర మీదికే.

"వాసన అంటుకుంటాది పాపా."

"అంటుకోనీలే నాయనా."