సిస్టర్ కార్లాకు ‘రా’ నేర్పిన శ్యామల

నేరేడుచర్ల ధాన్యం వ్యాపారి కూతురు శ్యామలకు 1962లో ఒక కొలువు దొరికింది. మఠంపల్లి దారిలో చిన్న దవాఖాన నడిపే ఇటలీ నర్సు సిస్టర్ కార్లాకు తెలుగు నేర్పాలి. మూడు నెలల్లో అయిపోతుందనుకుంది. ఆర్నెల్లయినా మొదటి పాఠమే తెమల్లేదు.

సిస్టర్ ప్రతి మాటకూ మూలం అడిగేది.

“వచ్చిన, వస్త అంటావు. పిలిస్తే ‘రా’ అంటావు. ఈ ‘రా’ ఎక్కడిది?”

“గదంతే, సిస్టరమ్మా. మా అమ్మ గట్లనే అన్నది, నేను గట్లనే అంటున్న.”

సిస్టర్ రాసుకునేది. మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. శ్యామలకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

ఒక ఉదయం తండా నుంచి నీలా అనే లంబాడా మనిషి, జ్వరంతో కాలిపోతున్న పాపను ఎత్తుకుని నాలుగు మైళ్ళు నడిచి వచ్చింది. గుమ్మంలో నిలబడ్డ సిస్టర్ నవ్వుతూ చెయ్యి ఊపింది.

“పోయిరా, అమ్మా, పోయిరా!”

నీలా పాపను భుజానికెత్తుకుని వెనుదిరిగింది. లోపల గుడ్డలు మడుస్తున్న శ్యామల అవి అక్కడే పడేసి పరుగెత్తింది. రోడ్డు మలుపులో అందుకుంది.

“ఆగు నీలా! ఆమెకు మన మాట సరిగ రాదు.”

“పొమ్మన్నది గద అక్కా. ఇగ గీడ నాకేం పని?”

బతిమాలి వెనక్కి తీసుకొచ్చింది. సూది వేశాక పాప కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నం దాటింది.

“గా మాట ఎవరు నేర్పిన్రు మీకు?” శ్యామల సిస్టర్ వైపు తిరిగింది.

“నువ్వే. రోజూ అందరికీ ప్రేమగా చెప్తావు. చివర ‘రా’ ఉంది కదా, పిలుపు అనుకున్నాను.”

నిజమే. వెళ్ళేవాళ్ళను ఉత్త ‘పో’ అని ఎవరు సాగనంపుతారు?

సిస్టర్ సిగ్గుపడి, తన భాషలోనూ ఇలాంటి చిక్కే ఉందని, పెన్సిల్ తీసి ఇటాలియన్ మాటలు తెలుగు అక్షరాల్లో రాసింది. వాదో, పోతాను. వా, పోతాడు. అందియామో, పోతాం. వాన్నో, పోతారు.

“ఇవన్నీ మా ఒక్క క్రియ. పేరు అందారే.”

“మరి ‘వాదో’లో ‘అంద’ ఏది?”

“లేదు. అది లాటిన్ ‘వాదేరే’ నుంచి వచ్చింది. ‘అంద’ ఎక్కడిదో పండితులు ఇంకా కొట్లాడుతున్నారు. నడవడం అనే ‘అంబులారే’ నుంచి అని కొందరు అంటారు.”

“లాటిన్‌ల పోవుడుకు అసలు మాటే లేదా?”

“ఉంది, ‘ఈరే’. చాలా చిన్నది, జనం నోట నిలవలేదు. చర్చిలో పూజ చివర ఫాదర్ ‘ఈతే’ అంటారే, అదే. పొండి అని.”

“మీ ఇంట్ల గింత గడబిడ పెట్టుకొని, ఆర్నెల్ల సంది మా ‘రా’ను పట్టుకొని నన్ను పరేషాన్ చేస్తున్నరా!”

సిస్టర్ పకపకా నవ్వింది. శ్యామలకు నవ్వు రాలేదు. మర్నాడు పుస్తకం మూయించి, సిస్టర్‌ను సాయంత్రం దాకా గుమ్మంలో నిలబెట్టింది. వచ్చేవాళ్ళకు ‘రా’, వెళ్ళేవాళ్ళకు ‘పోయిరా’ అనిపించింది.

1974 దాకా మరో ఐదుగురు సిస్టర్లకు ఆమె తెలుగు చెప్పింది. ఒక్కరూ ఆమెను సుఖంగా ఉండనివ్వలేదు.