కారు కదలదని చెప్పాను

మా హిల్మన్ కారు ఇంగ్లండులో తయారై, ఓడలో మద్రాసు చేరి, గుంటూరులో ఒక పొగాకు కంపెనీ దొర దగ్గర కొన్నాళ్లు తిరిగింది. ఆయన తన దేశం వెళ్లిపోతూ మా నాన్నగారికి అమ్మాడు. బూడిద రంగు కారు. గేరు కర్ర స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు సీట్లో ముగ్గురు హాయిగా కూర్చునేవాళ్లు. పక్కకు తిరగాలంటే తలుపు పక్కనుంచి సిగ్నలుగా చిన్న నారింజరంగు రెక్క పైకి లేచేది. మా ఊరికి అదొక్కటే కారు.

ఊళ్లో ఎవరికి ప్రాణం మీదికొచ్చినా కారు వెళ్లి తీరాలనేది నాన్నగారి పట్టుదల. పురుటి నొప్పులైనా, పాముకాటైనా, ఏ పేట వాళ్లైనా సరే, తనే నడిపి గుంటూరు ఆసుపత్రిలో దింపి వచ్చేవారు. వచ్చాక సీట్లు తనే కడుక్కునేవారు. నేనప్పుడు గుంటూరు కాలేజీలో చదువుతున్నాను. కారులో డెట్టాలు వాసన వస్తోందని విసుక్కునేవాణ్ణి.

బాటరీ పాతబడడంతో పొద్దున పూట ముందు హ్యాండిలు పెట్టి తిప్పాల్సి వచ్చేది. ఆ పని మా మిరపకల్లానికి కాపలా ఉండే అతను చేసేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. రెండుసార్లు మెల్లగా తిప్పి, మూడోసారి ఒక్క ఊపున లాగేవాడు. ఇంజను అందుకోగానే పక్కకు జరిగి నవ్వేవాడు. అతనూ భార్యా కల్లం పక్కనే గుడిసెలో ఉండేవాళ్లు. ఆమె ఎండిన మిరపకాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరేది. నోటికి గుడ్డ కట్టుకుని ఉండేది కాబట్టి ఆమె ముఖం నేను సరిగ్గా చూసింది తక్కువ.

యాభయ్యారో యాభయ్యేడో, కాయ కోతల రోజులు. అమ్మా నాన్నా పెళ్లికని రైల్లో ఒంగోలు వెళ్లారు. కారు నాకు వదిలారు. అంతకు ముందు వారమే అమ్మ చీరాల నుంచి తెల్లబట్ట తెప్పించి సీట్లకు తొడుగులు కుట్టించింది. ఆ మధ్యాహ్నం నా కాలేజీ స్నేహితులు ఇద్దరు రైలు దిగుతారు. స్టేషనుకి కారు తెస్తానని గొప్పగా చెప్పి ఉన్నాను. పొద్దున్నే లేచి కారు కడిగి, తుడిచి, కారు పెట్టే కొట్టం ముందు నిలబడి చూసుకుంటున్నాను.

కాపలా అతను కల్లం వైపు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"చినబాబూ, మా ఆడమనిషికి తెల్లవారుజాము నుంచీ ఆగకుండా వాంతులూ విరేచనాలూ. కాళ్లు చల్లబడుతున్నాయి. కారు తియ్యండి బాబూ."

నాకు ముందు కనిపించినవి తెల్లటి తొడుగులు. ఇన్నేళ్ల తరవాత కూడా దీన్ని ఇంకోరకంగా చెప్పుకోలేకపోతున్నాను.

"కారు స్టార్టవడం లేదు," అన్నాను.

"నేను తిప్పుతానుగా బాబూ," అని హ్యాండిలు కోసం కొట్టంలోకి అడుగేశాడు.

"తిప్పినా రాదు. ఇంజన్లో సామాను పోయింది. బాగు చేయించడానికి గుంటూరు పంపించాం."

అతను కారుకేసి చూశాడు. నా మాట అనుమానించాలని అతనికి తోచలేదు. "అయ్యో," అని మాత్రం అని, బండి కట్టించడానికి పరుగెత్తాడు. కాసేపటికి ఎడ్లబండి మా ఇంటి ముందునుంచే వెళ్లింది. గడ్డి మీద ఆమెను పడుకోబెట్టి, మీద దుప్పటి కప్పారు. అతను ఆమె తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. బండి మలుపు తిరిగేదాకా నాకు పిలిచే వ్యవధి ఉంది. పిలిస్తే, ఇందాక చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి.

ఆ మధ్యాహ్నం నేను స్టేషనుకీ వెళ్లలేదు. సామాను లేదన్న కారు ఊళ్లోంచి ఎలా తియ్యను? కొట్టం తలుపులు వేసి ఇంట్లో కూర్చున్నాను. స్నేహితులు చూసి చూసి వెళ్లిపోయారు.

బండి గుంటూరు చేరేసరికి మధ్యాహ్నం దాటిందట. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. మర్నాడు ఉదయం ఆమె చనిపోయింది. కారులో అయితే గంట లోపల చేరేవాళ్లం. చేరితే బతికేదా అంటే ఎవరూ చెప్పలేరు. ఆ మాట పట్టుకుని కొంతకాలం వేలాడాను.

నాన్నగారు ఒంగోలు నుంచి రాగానే నేరుగా గుడిసెకు వెళ్లారు. తిరిగొచ్చి నన్ను కొట్టంలోకి పిలిచారు.

"కారులో సామాను పోయిందని నువ్వు చెప్పావట."

ఆయన హ్యాండిలు పెట్టి తిప్పారు. ఇంజను అందుకుంది. ఆపేశారు.

"నేను అతనికి ఏమీ చెప్పలేదు. నువ్వే వెళ్లి చెప్పు," అన్నారు.

వెళ్లాను. కల్లంలో ఒక్కడే కాయ తిరగేస్తున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుని లేచాడు.

"సామాను వచ్చిందా బాబూ? హ్యాండిలు తిప్పాలా?"

"వచ్చింది," అన్నాను. నిజం చెప్పకుండానే ఇంటిదారి పట్టాను.

నాన్నగారు ఇంటిదగ్గర ఏమీ అడగలేదు. నా ముఖంలోనే తెలిసి ఉంటుంది. ఆ ఎండాకాలం అతను మేస్త్రీ వెంట నాగార్జునసాగరు డ్యాము పనికి వెళ్లిపోయాడు. మరుసటేడు నాన్నగారు కారును గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరుకి ఇచ్చేశారు. ఎందుకని ఊళ్లోవాళ్లు అడిగితే, "డాక్టరు దగ్గర ఉంటే మంచిది," అనేవారు. ఆ మాట అన్నప్పుడు నావైపు చూసేవారు కాదు.

నాన్నగారు పోయిన ఏడాదికి, పనిమీద ఒంగోలు వెళ్లినప్పుడు, స్టేషను బయట ఆ కారు కనిపించింది. నల్ల రంగు వేసి అద్దెకు తిప్పుతున్నారు. డోరు మీద, మా దగ్గర ఉన్నప్పుడే పడిన సొట్ట చూసి గుర్తుపట్టాను. ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడి చూశాను. వారం తిరక్కుండా బస్సెక్కి సాగరు వెళ్లాను.

కూలీల గుడిసెల్లో వాకబు చేస్తే సాయంత్రానికి దొరికాడు. జుట్టు నెరిసింది. మంచం వాల్చి, నాన్నగారు పోయిన సంగతి విని కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాను. తెల్ల తొడుగుల సంగతితో సహా ఏమీ దాచకుండా చెప్పాను.

మంచం మీంచి లేచి నిలబడ్డాడు.

"ఈ మాట నాకు ఇప్పుడెందుకు చెప్పారు బాబూ?" అన్నాడు. "కారు చెడిపోయింది, మా ఆడమనిషి రాత అంతే అనుకున్నాను. ఎవరిమీదా కోపం లేకుండా బతికాను. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

క్షమించమన్నాను.

"అది మీకోసం అడుగుతున్నారు," అన్నాడు. అరవలేదు. "ఆఖరి బస్సు పోతుంది. వెళ్లండి."

తరవాత రెండు ఉత్తరాలు రాశాను. చదివిపెట్టేవాళ్లు ఉన్నారో లేదో, జవాబు రాలేదు. ఇంకో ఏడాదికి అక్కణ్ణుంచి వచ్చినవాళ్లు, అతను ఆ పని మానేసి ఎటో వెళ్లాడన్నారు.

అంత దూరం ఎందుకు వెళ్లారని నా భార్య అడిగింది. అతనికి నిజం తెలియాలి కదా అన్నాను. అంటున్నప్పుడే అది పూర్తిగా నిజం కాదని నాకు తెలుసు.