ఎలుక పనిలో ఉన్న ఆర్విల్

మా పక్క వాటాలో ఉండే ఆర్విల్ హాగెన్ గారికి ఒకటే పట్టింపు: ఆయన పిల్లి వేటాడకుండా తినకూడదు. అమెరికాలోని మా డులూత్ ఊరి చలికి గడప దాటని పిల్లికి ఎలుక ఎక్కడ దొరుకుతుంది? అందుకని ఎలుక పని ఆయనే చేసేవారు.

పిల్లి పేరు ఓటిస్. భారీ ఒళ్లు, ఎప్పుడూ ఫిర్యాదు చేస్తున్నట్టుండే మొహం. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టే పొట్టి గాలానికి కోడి ఈక కట్టి, డెబ్బై దాటిన ఆర్విల్ గారు మోకాళ్ల మీద సోఫా వెనక్కి పాకేవారు. ఈక కదిలేది, ఆగేది, వణికేది. ఓటిస్ నేలను కరుచుకుని, పిర్రలు ఊపి, దూకేవాడు. అప్పుడే గిన్నెలో తిండి పడేది.

నేను జీవశాస్త్రం చదివినదాన్ని. ఒకసారి సలహా ఇవ్వబోయాను.

"ఈకను వాడి మూతి దగ్గర ఆడిస్తే సరిపోదా, ఆర్విల్ గారూ?"

"ఏ ఎలుకైనా పిల్లి మూతి దగ్గరికి నడిచొస్తుందా కారిన్? నీకు డిగ్రీలు ఎన్ని?"

"రెండు."

"రెండిట్లోనూ ఎలుకలు లేవా?"

"ఉన్నాయి. పంజరాల్లో ఉండేవి."

ఆయన నా వైపు జాలిగా చూశారు.

ఓసారి చర్చి పాస్టరమ్మ బంగాళాదుంపల వంటకం పట్టుకుని చూడ్డానికొచ్చారు. టేబుల్ కింద నుంచి గొంతు వినిపించింది.

"కూర్చోండి. నేను బయటికి రాకూడదు."

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ప్రస్తుతం నేను ఎలుకని."

"ఎంతసేపు?"

"అది ఓటిస్ ఇష్టం."

ఆవిడ నేల మీద కూర్చుని, ఊరి కబుర్లన్నీ టేబుల్ కిందికే చెప్పి వెళ్లారు.

ఆ శీతకాలం నా దిగులు వేరు. మా పాప ఇంగాకు పది నెలలు నిండినా పాకదు. కూర్చోబెట్టిన చోట కూర్చుని లోకాన్ని తనిఖీ చేస్తుంది. డాక్టరు కంగారు వద్దన్నారు. దాంతో నా కంగారు ఎక్కువైంది. పరిశోధనా వ్యాసాలు చదివాను. ఒక్కో వ్యాసం ఒక్కో కొత్త భయం నేర్పింది. మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ఆర్విల్ గారు చూశారు.

"నువ్వు ల్యాబుకి వెళ్లే గంటసేపు పాపను రోజూ నా దగ్గర వదులు. చూసేవాళ్లుంటే ఓటిస్ హుషారుగా దూకుతాడు."

"మిమ్మల్ని విసిగిస్తుందేమో."

"ఓటిస్‌ కంటేనా?"

ఒకరోజు ల్యాబులో పని తొందరగా అయిపోయి ముందే వచ్చాను. ఆర్విల్ గారు ఈక లాక్కుంటూ నేల మీద పాకుతున్నారు. ఓటిస్ మాత్రం కిటికీ గట్టు మీద పొట్ట నిండా తిని నిద్రపోతున్నాడు. ఈక వెనకాల, ఒక మోకాలు ఆనించి రెండో కాలు ఈడ్చుకుంటూ, మా ఇంగా!

"ఓటిస్ వేటాడకుండానే తిన్నాడా?" అని అరిచాను.

"అరవకు. పాప వచ్చినప్పటి నుంచీ వాడికి సెలవు."

ఇంగా ఒక్క ఊపున ముందుకు పడి ఈకను, దాంతోపాటు ఆయన చొక్కానూ పట్టేసుకుంది. ఆర్విల్ గారు బోర్లా పడ్డారు. లేపబోయాను.

"ముట్టుకోకు. చచ్చిన ఎలుక లేచి నడిస్తే పాపకు అనుమానం వస్తుంది."

ఇంగా ఈక నములుతూ ఆయన వీపెక్కి కూర్చుంది. ఆయన కళ్లు మూసుకుని, ఎంతో సంతోషంగా, చచ్చిపోయి ఉన్నారు.