మా నాయన పెట్టిన జోడు

మా కుప్పం వైపు పెండ్లిలో అల్లుడికి పంచె, గొడుగు, కాలి జోడు మామే పెట్టాలి. అందరూ మామూలు చెప్పులు పెట్టి చేతులు దులుపుకుంటారు. మా నాయన అట్లా ఊరుకునే మనిషా! అల్లుడు సాము గరిడీలో కసరత్తు చేస్తాడని, బరువులెత్తుతాడని ఎవరో చెవిన వేశారు. అంతే, రైలెక్కి బెంగళూరు పోయి, అంగళ్ళన్నీ తిరిగి తెల్లటి క్యాన్వాసు బూట్లు తెచ్చాడు. అడుగున బొటనవేలి మందం రబ్బరు. నొక్కితే బన్నురొట్టెలా లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చేది. "నొక్కి సూడండప్పా, పరుపు మింద నడిసినట్టుంటాది" అని పందిట్లో కనబడిన ప్రతివాడి చేతా నొక్కించాడు. సిగ్గుతో చచ్చిపోయాను. లోలోపల పొంగిపోయాను కూడా, ఎందుకు దాచాలి!

నన్నిచ్చింది పుంగనూరులో. మెట్ట చేను, పొట్టి ఆవులు, నిండా మనుషులున్న ఇల్లు. యుద్ధం ముగిసిన కొత్త అది. పెండ్లయిన కొద్ది నాళ్ళకే మదనపల్లెలోని ఒక హైస్కూలు పెద్దయ్యవారు మా ఆయనకు కబురు పెట్టాడు. బడి వార్షికోత్సవం నాడు తమ దగ్గరున్న ఇనుప కడ్డీని, దాని రెండు కొసల బిళ్ళలతో సహా, తల మీదికి ఎత్తి నిలబెడితే డ్రిల్లు మాస్టరు పని ఇస్తాడట. కానీ గరిడీలో లాగా గోచీతో, ఉత్తకాళ్ళతో వస్తే ఒప్పుకోడట. నిక్కరూ బూట్లూ ఉండాలట.

ఆ పని దొరికితే మదనపల్లెలో ఒక గది తీసుకుని ఇద్దరం ఉంటాం. దొరక్కపోతే ఆయన బెంగళూరు మిల్లుకు, నేను పుంగనూరు పొయ్యి దగ్గరికి. ఆ ఇంట్లో పదిమందిలో మొగుడితో నోరు విప్పితే 'ఎంత సిగ్గులేనిదో' అనేవారు. ఆయన మంచినీళ్ళు అడిగినా గోడకేసి అడగాలి, నేను గోడకేసి ఇవ్వాలి. నాకు ఆ గది కావాలి. గట్టిగా ఆయన్ను పలకరించి, గట్టిగా జవాబు వినే చోటు కావాలి. అంతకు మించి నేనేం కోరలేదు.

ఆయన కమ్మరి చేత ఒక కడ్డీ చేయించి, రెండు కొసలా రాతి చక్రాలు తగిలించి పెరట్లో సాధన మొదలుపెట్టాడు. ఉత్తకాళ్ళతో ఎత్తితే పాతిన గుంజలా నిలిచేవాడు. మా నాయన పెట్టిన బూట్లు తొడిగితే మాత్రం కథ మారిపోయేది. కడ్డీ రొమ్ము మీదికి తీసుకుని గొంతుక్కూర్చోగానే మడమలు పైకి లేచేవి, పాదాలు అటూ ఇటూ ఒరిగేవి. ఒక పొద్దు కడ్డీ జారి ఆయన కాలి పక్కనే దబ్బున పడింది. వంటింటి తలుపు చాటున చూస్తున్న నేను కేక పెట్టబోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయనేమో తన బలం చాలలేదనుకుని రాగిముద్ద ఇంకొకటి ఎక్కువ తిన్నాడు, బస్కీలు ఇంకాస్త ఎక్కువ తీశాడు. ఏం మనిషో!

ఒక మధ్యాహ్నం అందరూ చేనికి పోయారు. నేను ఆ బూట్లు నా కాళ్ళకు తొడుక్కుని, నీళ్ళ బిందె నెత్తికెత్తుకుని పెరట్లో గొంతుక్కూర్చోబోయాను. కాళ్ళ కింద నేల కరిగిపోయినట్టయింది. బిందె ఒక పక్క, నేనొక పక్క. తడిసి ముద్దయి తల ఎత్తేసరికి ఎదురుగా అత్త.

మొగుడి బూట్లు తొడుక్కున్న కొత్త కోడలు! నా పని అయిపోయిందనుకున్నాను.

"ఏం చేస్తాండావే?"

"ఇవి ఊగతాండాయత్తా. తప్పు ఆయన బలానిది కాదు, వీటిది."

అత్త వీధి తలుపు గడియపెట్టి వచ్చి, "ఇట్లా తే" అని తనూ తొడుక్కుంది! నా భుజం పట్టుకుని వంగి చూసింది, ఊగింది, పకపకా నవ్వింది. మా అత్త అట్లా నవ్వగలదని నాకు అప్పుడే తెలిసింది.

"మీ నాయన పెట్టినాడని వాడు కిక్కురుమనకుండా తొడుక్కుంటాండాడు. ఈ మెత్తది పీకించి గట్టి తోలు వేయించు. వాడికి చిన్నప్పటి నుంచీ గొంతుక్కూచుంటే మడిమ నేలకు ఆనదమ్మీ. మంచం కాలి కింద చెక్క ముక్క పెట్టినట్టు మడిమ కింద ఇంకో పొర వేయించు."

ఆ రాత్రే గుసగుసగా ఆయనకు చెప్పాను. "మామ మనసు నొచ్చుకోదూ?" అన్నాడు. "మా నాయన సంగతి నేను సూసుకుంటా" అన్నాను. ఏం చూసుకుంటానో నాకే తెలియదు. రబ్బరు ఊడదీయించి దున్నపోతు తోలు, మడమ కింద ఇంకో పొర కుట్టించి, పైకి తేడా తెలియకుండా అంచులకు తెల్ల సుద్ద పూశాను.

వార్షికోత్సవానికి మా నాయన కుప్పం నుంచి పలమనేరు మీదుగా బస్సులో వచ్చాడు. ముందు వరసలో కూర్చుని, పక్కనున్న వాళ్ళకు "ఆ జోడు నేను పెట్టిందే" అని చెబుతూనే ఉన్నాడు. నేను అత్త పక్కన కూర్చుని ఆ సుద్ద పూసిన అంచులే చూస్తున్నాను.

మా ఆయన వంగి కడ్డీ పట్టాడు. ఒక్క గుంజుతో రొమ్ము మీదికి తీసుకుని గొంతుక్కూర్చున్నాడు. అందరూ కడ్డీని చూశారు, నేను మడమలు చూశాను. కదలలేదు. లేచాడు, ఊపిరి బిగబట్టాడు, కడ్డీ తల మీదికి పోయి నిలిచింది. పెద్దయ్యవారు లేచి వచ్చి, "సోమవారం పనిలో చేరవయ్యా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన నేనూ అత్తా ఉన్న చోటికి రాగానే మా నాయన కూడా పరుగున మా దగ్గరికి వచ్చాడు. మా ఆయన బూటు తాడు ఊడిపోయి ఉంది. అది కట్టబోయి మా నాయన కిందికి వంగాడు. "వద్దు మామా, వద్దు" అని ఆయన కాలు వెనక్కి తీసుకోబోయాడు. మా నాయన వదల్లేదు. కాలెత్తి మోకాలి మీద పెట్టుకున్నాడు. అడుగు చూశాడు. బొటనవేలితో నొక్కి చూశాడు. లోపలికి పోలేదు.

"ఎవరు మార్పించినారు?"

"నేనే నాయనా" అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

మా నాయన ఆ పాదాన్ని చేత్తో అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు. తర్వాత తల ఎత్తకుండానే అన్నాడు: "పెండ్లిలో ఈ కాళ్ళు నేనే కడిగినా గదమ్మా. కడిగినానే గానీ సూడలేదు. ఆ పొద్దే కొలత తీసుకోవాల్సింది."

తాడు బిగించి ముడివేసి, అల్లుడి కాలు మెల్లగా నేల మీద దించి లేచాడు. "ఇంగ పోయి గది సూసుకోండి పోండి" అన్నాడు. కండ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు మా ఆయన నా వైపు తిరిగాడు. అంత జనంలో, అత్త, నాయన, పెద్దయ్యవారు అందరూ వింటుండగా, "పోదామా?" అన్నాడు.

"పోదాం" అన్నాను, గట్టిగా.